పచ్చగడ్డి వెతుక్కుంటూ

ఎనభైల మొదట్లో నేను గాజువాకకు కోడలిగా వచ్చేనాటికి మా అత్తకు రెండు గేదెలుండేవి. తెల్లవారగానే ఇద్దరం కొడవళ్లు పట్టుకుని కొండవాలుకు గడ్డికి పోయేవాళ్లం. ఏ గడ్డి తింటే పాలు చిక్కగా దిగుతాయో, ఏది చూడిగేదెకు పెట్టకూడదో కోస్తూనే అత్త చెప్పేది. అడుగు వేస్తే మిడతలు ఎగిరేవి, వాటికోసం పిట్టలు దిగేవి. నా చీర అంచు నిండా గడ్డిగింజలు అంటుకునేవి.

మరుసటి ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. తర్వాత ఒక్కసారే చిల్లుపడినట్టు కురిసి, వాలు మీది మట్టినంతా కింది గెడ్డ వాగులోకి ఈడ్చుకుపోయింది. మళ్లీ ఎండలు. ఆ పై ఏడూ అదే వరస. వాతావరణం మారుతోందన్న మాట మేమప్పటికి వినలేదు. మెత్తటి గడ్డిరకాలు ఒక్కొక్కటే కనబడకుండా పోయాయి. వాటి చోట మొరటు గడ్డి, తెల్లపూల వయ్యారిభామ లేచాయి. గేదెలు మూతి పెట్టి వెనక్కి తీసేవి. పాలు చెంబుడికి తగ్గాయి.

మా ఆయన పోర్టులో కలాసీ. గేదెల్ని అమ్మేద్దామన్నాడు. ఆనాటి నుంచి అత్త కుదురుగా కూర్చునేది కాదు. కంచం ముందునుంచి లేచి వాకిట్లోకి వెళ్లి మబ్బు చూసేది. గడ్డికోసం రోజురోజుకీ ఇంకాస్త దూరం నడిచేది.

ఒకనాడు, రెండింట్లో చూడిదైన గేదెను తోలుకుని, అక్కడైనా గడ్డి ఉంటుందని అనకాపల్లి అవతలున్న పుట్టింటికి బయల్దేరింది. తోడుగా నన్నూ రమ్మంది. దారి పొడుగునా గేదె కంటే ముందు ఆవిడే గట్లు వెతికింది. పొద్దుగూకే వేళకు ఆ ఊరి బంజరు చేరి ఆగిపోయింది. అక్కడా ఎర్రమట్టి, మధ్యమధ్య అవే తెల్లపూలు.

"ఏటి పిల్లా, ఇక్కడా ఇంతేనా? మన కొండకే దిష్టి తగిలినాదనుకున్నాను నాను," అంది మెల్లగా.

"వాన అదును తప్పినాది అత్తా. ఒక్క సోటేటి, అన్ని సోట్లా," అన్నాను.

చెరకు ఆకు వేసి సాకుతానని ఆవిడ తమ్ముడు గేదెను ఉంచుకున్నాడు. తిరిగొచ్చే బస్సులో అత్త సీట్లో కూర్చోలేదు, గాజువాక దాకా నిలబడే ఉంది. నెలలోపే రెండో గేదెనూ అక్కడికే పంపేశాం.

కొన్నాళ్లకు దూడ పుట్టిందని, బలహీనంగా ఉన్నా బతికిందని కబురొచ్చింది. చూసొద్దాం పద అన్నాను.

"ఎల్తే దాన్ని ఒగ్గేసి రాలేను," అంది అత్త. అప్పుడే ఊడ్చిన వాకిలిని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.