ఆరు చెంచాల ఉప్పు

మెదక్ బస్టాండ్ వెనక గల్లీలో యాదలక్ష్మి కర్రీ పాయింట్ పెట్టి పద్దెనిమిదేళ్లు. వండేది ఆమె, పాకెట్లు కట్టేది చెల్లెలి వరసైన రజని, రుచి చూసేది భర్త గాలయ్య. అమ్మే కూరను వండే మనిషి ఎంగిలి చెయ్యొద్దని యాదలక్ష్మి పట్టుదల. అందుకని గంటెడు పప్పు అరచేతిలో పోసుకుని నాకి "మస్తున్నది" అనడమే గాలయ్య ఉద్యోగం. "కూసొని తింటే గుట్టలైనా కరుగుతయ్, లే" అని ఆమె రోజూ దెప్పేది. ఆయన నవ్వేవాడే గాని లేచేవాడు కాదు.

ఆయన పోయి నాలుగు నెలలు. గిరాకీ సగం పడిపోయింది. మనిషి పోయిన ఇంటి కూర కొనడానికి జనం జంకుతున్నారనుకుంది యాదలక్ష్మి. తనకూ అన్నం సయించడం లేదు. దుఃఖంతో నాలుకే చచ్చిపోయిందనుకుని, ఒక్కతే కూర్చుని రెండు ముద్దలు మింగి లేచేది.

అప్పుడే ఒక హాస్టల్ నడిపే రత్నాకర్ వచ్చి నూరుమంది పిల్లలకు వండిపెట్టమన్నాడు. "ఒక దినం ఒక తీరు, ఇంకో దినం ఇంకో తీరుంటే నడ్వదక్కా. నెల రోజులు చూస్త" అన్నాడు. ఈ పని నిలిస్తేనే కర్రీ పాయింట్ నిలుస్తుంది, లేకపోతే మూసుకోవడమే. రెండు చోట్లా తానే వండడం కుదరదు గనక తన చేతి కొలత కాగితం మీదికి ఎక్కించాలనుకుంది. పిడికెడు ఉప్పు పళ్లెంలో పోసి చెంచాతో కొలిచింది. కారం, చింతపండు, పొయ్యి మీద ఎన్ని నిమిషాలు, అన్నీ రజనితో రాయించింది. గంజు అనే పెద్ద గిన్నెడు పప్పుకు ఉప్పు ఆరు చెంచాలు. "కాయిదంల ఉన్నట్టే చెయ్యాలె. నీ తెలివి పెట్టకు" అని చెప్పి ఆమెను హాస్టల్‌కు పంపింది.

మూడో రోజే రత్నాకర్ ఫోన్. "ఏందక్కా, అంతా సప్పగున్నది. పిల్లలు పారబోస్తున్నరు. గిట్లైతే వేరేటోల్లను చూసుకుంట."

యాదలక్ష్మి రజని మీద విరుచుకుపడింది. రజని కాగితం ముందు పెట్టి, "నువ్వు చెప్పినట్టే ఆరు చెంచాలు ఏసిన" అంది. ఆపైన నసిగింది. "బావ ఏసేది ఇండ్ల రాయించలేదు గదక్కా."

"బావ ఏం ఏసేటోడే?"

"ఉప్పు. నువ్వు అటు తిరగంగనే దినాం ఏసేటోడు. నీకెర్కే అనుకున్న."

ఎరుక లేదు. పద్దెనిమిదేళ్లు పక్కనే ఉన్న మనిషి చేసిన పని రజనికి తెలుసు, తనకు తెలియదు. "ఎంత ఏసేటోడు?" అని మెల్లగా అడిగింది. రజని ఐదు వేళ్ల కొసలు కలిపి చూపించి, మళ్లీ విడదీసింది. "బావ చెయ్యి పెద్దది. నాకు తెల్వదక్కా."

మరునాడు యాదలక్ష్మి తన పట్టుదల పక్కన పెట్టి తానే పప్పు రుచి చూసింది. నిజంగానే చప్పన. ఏడో చెంచా వేసి కలిపింది. పాత రుచి ఇంకా రాలేదు. ఎనిమిదో చెంచాకు నోరు గుర్తుపట్టింది. నాలుక చావలేదు, ఆకలి కూడా వేసింది. గంటె పట్టుకుని పొయ్యి ముందే ఏడ్చింది. కాగితంలో ఆరు కొట్టేయించి ఎనిమిది రాయించింది.

వారం తర్వాత రత్నాకర్ ఫోన్ చేశాడు. "ఇప్పుడు బరాబరున్నదక్కా. దినాం ఒక్కతీరే. ఎంతైనా నీ చెయ్యే చెయ్యి."

ఆర్డర్ ఖాయమైంది. ఆ మాట చెప్పుకోవడానికి వంటింట్లో ఎవరూ లేరు. గాలయ్య కూర్చునే మూలకు తిరిగి, "ఉప్పు తక్కువైందని చెప్తే నేను తిడుతుంటినా?" అని పైకే అడిగింది.

తిట్టేదే. ఆ సంగతి అడిగిన మనిషికే బాగా తెలుసు.