డెబ్బై రెండు తెరలు

ఆ రోజుల్లో అనగానే లాంతర్లనీ ఎద్దులబండ్లనీ ఊహించుకోకండి. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న రోజులే, మొన్నమొన్నటివే. అయినా నాకు అవి 'ఆ రోజులే'. నా బతుకులో కాలం రెండే ముక్కలు: అక్షరాలు రాకముందు ఒకటి, వచ్చాక ఒకటి. మొదటి ముక్క ముప్పై మూడేళ్లు నడిచింది. ఆ ముక్క చివర్లో జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఉన్న మా ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండే పనికి కుదిరాను. ఇంటి దగ్గర ఇంకో పని కూడా ఉండేది. ప్రొద్దుటూరు బట్టల అంగడి నుంచి చీరలు తెచ్చుకుని ఫాల్ కుట్టి ఇచ్చేదాన్ని. ఆ పనిలో గొప్పేమిటంటే కుట్టు పైకి కనపడకూడదు. కనపడకుండా పని చేయడంలో నాకు మంచి పేరుండేది. చదువు రాదన్న సంగతి కనపడకుండా దాచడంలో అయితే అంతకన్నా మంచి చెయ్యి.

బడిలో చేరిన రోజు సారు "అక్కా, చదువొచ్చునా?" అని అడిగాడు. చదువు రానోళ్లను తీసుకోరని పక్కింటామె ముందే బెదిరించి పెట్టింది. అందుకని "వచ్చు సార్, కొంచెం" అన్నాను. (ఎంత కొంచెమో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.) సంతకం మటుకు వచ్చు. ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాను: ఒక సున్నా, దాని పక్కన ఒక కొక్కెం, పైన పిట్ట కూర్చున్నట్టు ఒక గీత. ఎవరైనా పక్క నుంచి పిలిస్తే ముగ్గు చెరిగిపోయినట్టు సగంలో ఆగిపోయేది, మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే. ఈ అబద్ధం బయటపడితే పని పోతుందని, గరిటె పట్టుకున్నంతసేపూ భయపడుతూనే ఉండేదాన్ని.

ఆ ఏడే మా బడికి ఇంగ్లీషు మీడియం వచ్చింది. కొత్త పుస్తకాలు దిగాయి. తెరిస్తే ఒక పక్క పేజీలో ఇంగ్లీషు, రెండో పక్క పేజీలో అదే పాఠం తెలుగులో, రెండు పక్కలా అవే బొమ్మలు. నన్ను చదువొచ్చునా అని అడిగిన ఆ సారే సైన్సు చెప్పేవాడు, పిల్లలంతా ఆయన్ను చాక్‌పీసు సారు అనేవాళ్లు. వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవి మీద ఎప్పుడూ ఒక చాక్‌పీసు పెట్టుకునేవాడు. చాలా మంచివాడు. తెలుగులో చెప్తున్నప్పుడు చూడాలి ఆయన్ను, చేతులు, కళ్లు, చెవి మీద చాక్‌పీసు అన్నీ మాట్లాడేవి. ఇంగ్లీషు మొదలుపెట్టాక పాపం అన్నీ ఆగిపోయి నోరొక్కటే కదిలేది. ఆయన చదివింది తెలుగు మీడియంలోనే. పొద్దున్నే వచ్చి వంటగది వెనక గోడ దగ్గర అటూ ఇటూ నడుస్తూ, ఆరోజు పాఠాన్ని మంత్రం పట్టినట్టు వల్లె వేసేవాడు. నేను కనపడితే "నాక్కూడా కొత్తేనక్కా" అని చిన్నగా నవ్వేవాడు. తరగతిలో ఆయన ఏమి చెప్పినా పిల్లలు "ఎస్సార్" అనేవాళ్లు. అర్థమైందా అంటే ఎస్సార్. కాలేదా అంటే ఎస్సార్. వంటగది కిటికీలో నుంచి వింటున్న నాకు కూడా అలవాటైపోయి, ఒకరోజు ఇంట్లో మా ఆయన చారు పోయమంటే ఎస్సార్ అన్నాను.

పిల్లల్లో ఒక పిల్ల ఉండేది, ఆరో తరగతి, రెండు జడలు. నోరు మూతపడేది కాదని అందరూ గిలక్కాయ అనేవాళ్లం. పాఠం అయిపోగానే వంటగదిలోకి వచ్చి నా ప్రాణం తీసేది. "అక్కా, చారు గిన్నె మూత కింద నీళ్లు యాడివి? నువ్వు పోసినావా?" "నేనెందుకు పోస్తానే. చారు కాగి ఆవిరి పైకి పోయింది. మూత సల్లగుండాది, ఆడ తగుల్కోని మళ్లా నీళ్లయింది." "మరి సారు చెప్పేది ఏంది?" "నాకేం తెలుసు మే, పో." ఆ నెలంతా సారు చెబుతున్నది కూడా అదేనని నాకూ తెలీదు, దానికీ తెలీదు.

ఇట్లా ఉండగా ఒక శనివారం సారు నన్ను తరగతి గదిలోకి పిలిచాడు.

"అక్కా, నువ్వు ఫాల్ కుడతావంట కదా."

"కుడతా సార్. ఇంట్లో అమ్మ చీరకా?"

"చీరకు కాదక్కా, సైన్సు పుస్తకానికి."

నేను నోరు తెరిచాను. సంగతేమిటంటే, సోమవారం పొద్దున పై ఆఫీసరు మేడం తనిఖీకి వస్తోంది. పాఠం మొత్తం ఇంగ్లీషులోనే జరగాలి. "ఈ పిల్లోల్లను చూస్తివా, నేను ఈ పేజీ చదువుతాంటే వాళ్ల కండ్లు ఆ పేజీలో ఉంటాండాయి" అని, గొంతు తగ్గించి, "నిజం చెప్తే నా కండ్లు కూడా ఆడికే పోతాండాయక్కా. నోరు తడబడతానే తెలుగులోకి జారిపోతాండా. అందుకని ఆ పేజీకి గుడ్డతో ఒక తెర మాదిరి కుట్టియ్యి" అన్నాడు. గమ్ము పెడితే పాడవుతుంది, గవర్నమెంటు పుస్తకం. క్లిప్పులు పెట్టి చూశాడట. మధ్యాహ్నానికల్లా అన్నీ ఆడపిల్లల జడల్లో ఉన్నాయట.

సారు కుర్చీలో కూర్చుని పుస్తకం తన ముందు తెరిచి పెట్టుకుని, "ఈ తెలుగు పేజీ మీద, ఈ పక్క" అని వేలితో తట్టాడు. నేను బల్లకు ఇవతల, ఆయనకు ఎదురుగా నిలబడి ఉన్నాను. పొరపాటు జరగకూడదని గట్టి తెలివి వాడి, నా ఎడమ చెయ్యి ఊపి "ఈ చేతి పక్కదే కదా సార్?" అన్నాను. ఆయన చూసి "ఆ, అదే" అన్నాడు. ఇంకేముంది, ఎడమ పక్క. గుర్తు పెట్టుకున్నాను. (ఇప్పుడు మీరు నవ్వుతున్నారు. ఎదురుగా నిలబడిన మనిషి ఎడమ చెయ్యి కూర్చున్న మనిషికి ఏ పక్క అవుతుందో చదువు రానోళ్లకు కూడా తెలియాలి. భయం ముందు ఆ మాత్రం తెలివి కూడా ఉండదు.)

ఇరవై మూడు మంది పిల్లల పుస్తకాలు, సారుది ఒకటి, మొత్తం ఇరవై నాలుగు. ఒక్కో పుస్తకంలో ఆ పాఠానికి మూడు పేజీలు, బొమ్మలు చూసి పోల్చుకున్నాను. డెబ్బై రెండు తెరలు! పాత లంగాల ఆకుపచ్చ లైనింగు గుడ్డ కత్తిరించి, ఆదివారం పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాను. బొమ్మ నిటారుగా ఉండేట్టు పుస్తకం పట్టుకోవాలని నాకు తెలుసు, ఆ మాత్రం తెలిసినందుకు గర్వంగా కూడా ఉండింది. ఎడమ పేజీ పైఅంచున సన్న కుట్టు, కింద వదులుగా. పైకెత్తితే లేస్తుంది, వదిలితే పడుతుంది. మా ఆయన వచ్చి నిలబడి చూసి, "ఏం మే, పుస్తకాలకు గూడా రైకలు కుడతాండావా?" అన్నాడు. "నీకేం తెలుసు, ఇది ఇంగ్లీషు చదువు" అన్నాను ధీమాగా.

మధ్యాహ్నం గిలక్కాయ గోడ మీద నుంచి తొంగి చూసింది. "అక్కా, అవి మా పుస్తకాలే కదా. ఏం చేస్తాండావు? నన్నొకటి చూడనీ."

ఒక్క క్షణం సూది ఆగింది. 'ఏమే, దీంట్లో తెలుగు ఏ పక్క?' అని అడిగితే సరిపోయేది. ఒక్క మాట. కానీ అడిగితే నాకు చదువు రాదని ఆ పిల్లకు తెలుస్తుంది, ఆ పిల్లకు తెలిస్తే సాయంత్రానికి ప్రొద్దుటూరు దాకా తెలుస్తుంది. "పో మే, సారు ఎవురికీ చూపొద్దన్నాడు" అని తరిమేశాను. పొద్దు వాలేలోగా డెబ్బై రెండూ అయిపోయాయి. ఒక్క కుట్టు వంకర పోలేదు.

సోమవారం మేడం అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది. నేను మూట తెచ్చి ఇచ్చేసరికే జీపు గేటు దగ్గరుంది. సారు పైపుస్తకం మూసి ఉండగానే తడిమి "శానా నీట్‌గా కుట్టినావక్కా" అని, హడావుడిగా అందరికీ పంచాడు. మేడం చివరి బెంచీలో కూర్చుంది. నేను గరిటె పట్టుకునే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను, నా పనితనం చూసుకుందామని.

సారు పుస్తకం తెరిచాడు. ముఖం అప్పుడే సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. గిలక్కాయ గుసగుసగా (ఆ పిల్ల గుసగుస పక్క వీధికి వినపడుతుంది) "సార్, ఇంగ్లీషు కనపడ్డంల్యా సార్!" అంది. వెనకనుంచి ఇంకో గొంతు సంబరంగా, "తెలుగే కనపడ్తాంది సార్!"

నాకు ఇంకా అర్థం కాలేదు. ఏదో ముచ్చట పడుతున్నారనుకున్నాను. సారు ధైర్యం చేసి వల్లె వేసిన రెండు ముక్కలు ఇంగ్లీషులో అన్నాడు. మూడోది రాలేదు. పుస్తకంలోకి చూద్దామంటే తెర. తెర ఎత్తుదామంటే మేడం చూస్తోంది.

మేడం పక్క పిల్ల పుస్తకం తీసుకుని తెర ఎత్తింది, చూసింది, దించింది. మళ్లీ ఎత్తింది. గిలక్కాయను లేపి చదవమంది. అది ఏమాత్రం బెదరకుండా, "మేడం, తెర ఎత్తి చదవల్లనా, తెర ఉండంగానే చదవల్లనా?" అని అడిగింది.

"ఎట్లుందో అట్లే చదువు."

చదివింది చూడండి! పేజీ మొత్తం గుక్క తిప్పుకోకుండా చదివేసింది. బాష్పీభవనం అనే మాట దగ్గర మాత్రం కొంచెం ఎగిరి దూకింది. (అది కూడా మా ఊరి తెలుగేమీ కాదు లెండి.) "అంటే ఏంది, చెప్పు" అంది మేడం. గిలక్కాయ ఒక్క క్షణం పేజీ వైపు, ఒక్క క్షణం తలుపు దగ్గర నా వైపు చూసి, కళ్లు ఇంతింత చేసుకుని, "మేడం, ఇది అక్క చారు మూతే! చారు కాగి ఆవిరి పైకి పోతాది, మూతకు తగిలి నీళ్లయితాది. ఉత్త నీళ్లే మేడం, చారు కాదు. నేను నాకి చూసినా."

"యాడ నాకినావు?"

"వంటింట్లో మేడం, అక్క అటు తిరిగినప్పుడు."

గదంతా ఒకటే నవ్వు. అంతటితో ఆగలేదు ఆ పిల్ల. తానే తెర ఎత్తి, ఇంగ్లీషు పేజీలో వేలు పెట్టి వెతికి, "సార్, మీరు నెలనాళ్ల నుంచి ఎవాపరేషన్ ఎవాపరేషన్ అంటాండేది దీన్నేనా సార్? ముందే చెప్పకూడదా!" అంది. ఇరవై రెండు తెరలు ఒక్కసారి పైకి లేచాయి, అందరూ ఆ మాట కోసం వెతుక్కుంటున్నారు. సారు చెవి మీద చాక్‌పీసు కింద పడింది.

అప్పుడు మేడం అడిగింది, "ఈ తెరలు ఎవరు కుట్టినారు? ఇంగ్లీషు మీడియం బడిలో ఇంగ్లీషు పేజీకి తెర ఏంది?"

ఇంగ్లీషు పేజీకి! అప్పుడు తగిలింది నాకు. సారు ముందుకొచ్చి, "పొరపాటు నాదే మేడం, నేనే కుట్టించినా" అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆయన ఆ నింద మోసేవాడే, నేను నోరు మూసుకుని ఉంటే నా గుట్టు గుట్టుగానే ఉండేది. కానీ ఆయన తల అట్లా వంచుకుని నిలబడితే చూడలేకపోయాను. గరిటెతో సహా గదిలోకి వచ్చేశాను. "సారుది ఏం తప్పు లేదు మేడం. ఆయప్ప తెలుగు పేజీకే కుట్టమన్న్యాడు. నాకే ఏది తెలుగో ఏది ఇంగ్లీషో తెలీదు. చదువొచ్చని అబద్ధం చెప్పి పనిలో చేరినా."

నిజం చెప్పే ఊపులో సారు గుట్టు కూడా చెప్పేశానని, సారు కళ్లు మూసుకున్నాక గానీ నాకు తెలియలేదు. మేడం భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది! కొంగుతో కళ్లు తుడుచుకుని, "సార్, ఈ తెరలు తీయొద్దు. ముందు తెలుగు పేజీ అర్థం కానీ, తర్వాత తెర ఎత్తండి. నేను తనిఖీ కాగితం మీద మాత్రం ఇట్ల రాయలేను" అంది. పోతూ పోతూ చారు తాగి, మూత కూడా ఎత్తి చూసింది.

జీపు పోయాక సారు దగ్గరికి పోయాను. "రేపటి నుంచి రాకూడదా సార్?"

"ఎందుకు రాకూడదు?"

"చదువు రాదని చెప్పలేదు కదా సార్."

"నీకు చదువొచ్చునా అని నేనెందుకు అడిగినా అనుకున్నావక్కా? గోడ మీది బోర్డులో ఈపొద్దు ఏం వంటనో నువ్వే రాస్తావేమోనని. రాదంటే నేనే రాసుకుందును. దానికింత భయమా?" అని, "నా భయం కంటే నీదే పెద్దదిగా ఉండాదే" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఏడాది పొడవునా మోసిన బరువు ఇంత తేలికా అని, ఇంటికి పోయాక కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

మరుసటి రోజు భోజనాలయ్యాక గిలక్కాయ పలక తెచ్చి నా ముందు పెట్టింది. "అక్కా, కూచో. అ అను." అంత కఠినమైన టీచరు ఇంకొకరు ఉండరు. తప్పు రాస్తే నా గరిటె తీసుకుని బండ మీద కొట్టేది. ఎనిమిది నెలల్లో కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఇప్పుడు మా బడి గోడ మీద 'చారు, గుడ్డు, చిక్కీ' అని రాసేది నేనే.

సారు సింహాద్రిపురం పక్కకు బదిలీ అయిపోతూ తన పాత పుస్తకం నాకిచ్చి వెళ్లాడు. పాత సూదులపెట్టె పక్కనే పెట్టుకున్నాను. తెరలు వెలిసి లేత చిగురు రంగుకు వచ్చాయి. ఎప్పుడైనా తీసి తెలుగు పేజీ చదువుకుంటాను, నీళ్ల సంగతి మొత్తం నోటికొచ్చింది. తర్వాత తెర ఎత్తి, ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటాను, ఇంకా సగమే తెలుసు. ఆ పైఅంచు కుట్టు తగిలినప్పుడల్లా, ఆదివారం పూట అరుగు మీద సూది నోట్లో పెట్టుకుని ధీమాగా కూర్చున్న ఆ ఆడమనిషి కళ్లముందు మెదులుతుంది. గోడ మీద నుంచి తొంగి చూసిన పిల్లను తరమకుండా ఒక్క మాట అడిగి ఉంటే, పేజీ తప్పేది కాదు. కానీ అప్పుడు ఈ పేజీ చదవడం నాకు ఎప్పటికీ వచ్చేది కాదేమో. ఏమైనా ఆ పిచ్చి ఆడమనిషి పేజీ తప్పింది గానీ, డెబ్బై రెంటిలో ఒక్క కుట్టు కూడా వంకర పోనివ్వలేదు.