నేరం ఎలకది

నెల్లిమర్ల మెకానిక్ కృపానిధికి ఏ కారు చూపించినా ఒకటే మాట: "ఎలక కొరికింది బాబూ." ఇంజను వణికినా ఎలకే, పికప్ పడిపోయినా ఎలకే, మీటర్లో పసుప్పచ్చ దీపం వెలిగి ఆరకపోయినా ఎలకే. ఆయన మాట నమ్మితే మా విజయనగరం జిల్లాలో కార్లు మనుషుల కోసం కాదు, ఎలకల కోసమే కొంటున్నారనుకోవాలి.

పని రాక కాదు. స్కానరు తగిలించి ఏ సెన్సారు మొరాయించిందో చూస్తాడు. దాన్నీ నమ్మడు. "మిషను ఎవులు ఏడుస్తన్నారో సెప్తాది గానీ, ఎందుకు ఏడుస్తన్నారో సెప్పదు బాబూ," అని వైరు వైరూ మీటరు పెట్టి వెతుకుతాడు. తీరా జబ్బు దొరికాక, చేతులు తుడుచుకుని, వచ్చినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసి, "ఎలక," అంటాడు.

ఒకసారి నేను షెడ్డులో ఉండగా ఎచ్చెర్ల నుంచి ప్రదీప్ అనే లెక్చరరు భార్యతో సహా వచ్చాడు.

"కారు కొని పదిరోజులు కాలేదండీ! అప్పుడే ఎలకా?" అందావిడ.

"కొత్త వైరు మెత్తగుంటాది కదండీ."

లెక్చరరు తన భార్య వైపు చూసి హమ్మయ్య అనుకోవడం నేను గమనించాను. ఎందుకో అడగలేదు. మా స్టీలు సామాన్ల కొట్లో ఈ కథ చెప్పి నెల రోజులు అందర్నీ నవ్వించాను. మరి నేను కార్ల పండితుణ్ణి. ఫోన్లో వీడియోలు చూసి సెన్సార్ల పేర్లన్నీ బట్టీపట్టినవాణ్ణి. బానెట్ తెరవమంటే మాత్రం పెట్రోలు మూత తెరిచేవాణ్ణి.

2016 దసరాకి మా మావగారు నరసింగరావు అత్తయ్యతో కాశీ వెళ్తూ కొత్త కారు పూజ నాకప్పగించారు.

"ఎర్రన్న కడుగుతాడు. నువ్వు బొట్టెట్టు. ఇంకేటీ ముట్టకు అల్లుడూ."

ఎర్రన్న ఆయన దగ్గర పన్నెండేళ్లుగా డ్రైవరు. ముగ్గురు పిల్లలు. అతను కడిగి వెళ్లాక నాకు భక్తి పొంగింది. బానెట్ తీసి బ్యాటరీకి బొట్టు పెట్టాను, రేడియేటరుకు పెట్టాను. ఎయిర్ ఫిల్టరు పక్కన గొట్టం ఊడదీస్తే లోపల సన్నటి తీగ ఒకటి కనిపించింది. గుర్తుపట్టేశాను! ఇంజన్లోకి ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సారు. అంత ముఖ్యమైనదాన్ని వదిలేస్తే పాపం కదా? నువ్వుల నూనెలో పసుపు కలిపి దట్టంగా పట్టించి, పైన కుంకం అద్ది, గొట్టం బిగించేశాను.

మావగారు తిరిగొచ్చి స్టేషను దగ్గర కారెక్కారు. అది మేకపిల్లలా గెంతుకుంటూ, ఇల్లు చేరేలోపు మూడుసార్లు ఆగిపోయింది.

"ఇంజన్లో నీళ్లు కొట్టీసేవురా ఎర్రన్నా! రేపట్నించి రావద్దు!"

"నాను ఇంజను ముట్టనేదు బాబూ..."

పక్కనే ఉన్నాను. చెప్పాలి. నోరు తెరిచాను. "కృపానిధికి సూపిద్దాం మావయ్యా," అన్న మాట వచ్చింది. నా ధైర్యం అంతవరకే.

షెడ్డులో కృపానిధి స్కానరు చూశాడు. గొట్టం తీశాడు. లోపలికి చూసి, నా వేలి గోరు చూశాడు. ఇంకా పసుప్పచ్చగానే ఉంది. చెయ్యి జేబులో దాచేసుకున్నాను. తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్న ఎర్రన్నను కూడా చూశాడు.

"ఏటి కృపానిధీ, నీళ్లేనా?" అన్నారు మావగారు గొట్టంలోకి తొంగిచూస్తూ.

నేను రెండో చెయ్యి కూడా జేబులో దోపేశాను.

"ఎలక బాబూ."

"ఎలకా?"

"అవును మావయ్యా! నాను సూసేను! ఇంతున్నాది!" అని చేతులు బార్లా చాచేశాను.

"అంతుండదు బాబూ," అంటూ కృపానిధి నా చేతులు పట్టుకుని మెల్లగా దగ్గరకు జరిపాడు.

స్ప్రే కొట్టి సెన్సారు కడిగి, ఆరబెట్టి బిగించాడు. ఇంజను కిమ్మనకుండా తిరిగింది. మావగారు తాళాలు ఎర్రన్న చేతిలో పెట్టి, "రేపు వేగిరం రా," అన్నారు. అతని మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

వాళ్లు కారెక్కాక కృపానిధి పక్కన చేరాను. "సండే స్కూల్లో పిల్లలకి పాఠాలు సెప్తావు. ఇన్ని అబద్ధాలేటి?"

"పొరుగువోడి మీద అబద్ధ సాచ్చం పలకొద్దన్నాడు దేవుడు. ఎలక మీద పలకొద్దన్లేదు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "దానికి ఉజ్జోగం పోదు బాబూ. ఇంటికెల్తే పెళ్లాం తిట్టదు."

ఇన్నేళ్లూ నేను నవ్విన ప్రతి ఎలక వెనకా ఇలా ఒక ఎర్రన్నో, నాలాంటి వెధవో ఉన్నారని అప్పుడర్థమైంది. సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఎర్రన్నకు క్షమాపణ చెప్పి, మావగారి ముందు నిలబడి నిజం కక్కేశాను.

ఆయన పేపరు దించారు. "ఎలక పసుపు రాసుకుని తిరుగుతాదేటి అల్లుడూ? నా కళ్లు బానే ఉన్నాయి."

"మరి నిన్న..."

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "పాత డీజిలు బండికి ఓపాలి నా సేత్తో పెట్రోలు కొట్టించీసేను. మీ అత్తకి కృపానిధి ఏటి సెప్పేడో తెల్సా?"

"ఏటండీ ఆ గుసగుసలు?" అని లోపల్నుంచి అత్తయ్య కేక.

"ఏటీ నేదే! ఎలకలెక్కువైపోనాయని అల్లుడు సెప్తన్నాడు!"