మద్రాసు తోలు

యుద్ధం రోజుల్లో నేను పత్తికొండ దగ్గర ఒక పత్తి ప్రెస్సులో ఫిట్టరుగా పనిచేశాను. నీటి ఒత్తిడితో పత్తిని అదిమి బేళ్లు కట్టే యంత్రం అది. పంపు వాల్వుల్లో గిన్నెల్లాంటి తోలు వాషర్లు ఉంటాయి. అవి గట్టిగా ఉన్నంతసేపే ఒత్తిడి నిలుస్తుంది. మద్రాసు నుంచి వచ్చే తోళ్లు యుద్ధంతో ఆగిపోయాయి. కర్నూలులో ఒకరిని, బళ్లారిలో ఒకరిని పట్టుకున్నాను. ఇద్దరూ మాటలు కోటలు దాటించినవారే. ఇద్దరి తోళ్లూ వారం తిరక్కుండా చిరిగాయి.

ప్రెస్సు సావుకారు తేల్చి చెప్పాడు. "శానా ఓర్చుకున్నా. ఇంగొకసారి ప్రెస్సు నిలిస్తే నువ్వు ఇంటికి పో. వేరే ఫిట్టరును పిలిపిస్తా."

ఇంట్లో అయిదుగురం నా జీతం మీదే బతుకుతున్నాం.

అప్పుడు గుర్తొచ్చాడు, మా బావికి కపిల బాన కుట్టే పెద్దాయన. ఎద్దులు నీళ్లు తోడే ఆ తోలుసంచి ఆయన చేతిదైతే చుక్క కారేది కాదు. తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి పచ్చితోలును తానే ఊని పదును చేసుకునేవాడు. మా ఊరి క్రైస్తవుల వాడలో సంఘపెద్ద. అరిగిన వాషరు ఊడదీసి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరు మైళ్లు నడిచి ఆయన చేతికిచ్చాను.

"ఇది కూచుండే చోటు చూడల్లప్పా," అన్నాడు.

"కొలతకు దీన్ని తెచ్చినా కదా?"

"కాలు చూడకుండా చెప్పు కుడితే కరుస్తాది."

ఆయన అడిగింది న్యాయమే. కానీ ఆ యంత్రానికి పసుపు కుంకుమలు పెట్టి పూజచేస్తారు. ఆ వాడవాళ్లు ప్రెస్సు గడప తొక్కకూడదని సావుకారు కట్టడి. ఆ సంగతి చెప్పడానికి మొహం చెల్లక, "దీని కొలతకే చెయ్యి," అని కసిరాను.

చేసిచ్చాడు. బిగించిన రెండో పూటకే కారింది.

అది సావుకారు కంట పడకముందే సరిచేయించాలని మర్నాడే బయల్దేరాను. ఆయన్ని ఎన్ని మాటలనాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. వెళ్లేసరికి ఆదివారం ఆరాధన జరుగుతోంది. బయట నిలబడ్డాను. ఆయనే లేచి వచ్చాడు.

"ఎండలో యాల నిలబడినావప్పా? లోపలికి రా."

ఎవరో జరిగి చాప మీద చోటిచ్చారు. ఇంకెవరో ముంతతో నీళ్లిచ్చారు. ముంత పట్టుకుని కాసేపు అటూ ఇటూ చూశాను. తర్వాత తాగాను. తిట్లన్నీ నీళ్లతోపాటే లోపలికి పోయాయి.

ఆరాధన ముగిశాక ఆయన పాత వాషరు చూపించాడు. "నానిన తోలును ఎండన పడేసుకోని తెచ్చినావు. దోవలోనే ముడుచుకునింది. దీని కొలతకు చేస్తే సందు ఉండదా? అందుకే చోటు చూడల్లంటి."

సిగ్గేసింది. ప్రెస్సుకే వచ్చి చోటు చూడమన్నాను. ఆదివారం పని ముట్టనన్నాడు. సోమవారం పొద్దున్నే వచ్చాడు. అదృష్టం కొద్దీ సావుకారు ఆదోనికి పోయి ఉన్నాడు. గడప దగ్గర ఆగి పెద్దాయన నా మొహం చూశాడు.

"రా పెద్దాయనా," అన్నాను.

వాల్వు లోపలి అంచు వేలితో తడిమాడు. పుల్లతో కొలత తీసుకున్నాడు. తడితోలును అక్కడే ఒదిగించి, కోసి, ఆముదం పట్టించి నాకిచ్చాడు. బిగించాను. ప్రెస్సు లేచింది. చుక్క కారలేదు.

సావుకారు తిరిగొచ్చేసరికి బేళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. పెద్దాయన వాకిట్లో కత్తీ గిత్తీ మూట కట్టుకుంటున్నాడు.

"ఈ తోలు యాడిది?" అని సావుకారు పంపు వైపు చూపించి నన్నడిగాడు.

"మద్రాసుది," అన్నాను.

తడుముకోకుండా వచ్చేసింది ఆ మాట. పెద్దాయన విన్నాడు. మూట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తోలు ఆ ఏడంతా నిలిచింది. నా కొలువూ నిలిచింది. మరుసటేడు తోలు అరిగాక మళ్లీ ఆయన వాకిట్లో నిలబడ్డాను. తప్పయిందని చెప్పాలని వచ్చినవాణ్ని, అరిగిన వాషరు ముందుకు చాపాను.

"ఏమప్పా, ఈ ఏడు మద్రాసు సరుకు రాలేదా?" అన్నాడు నవ్వుతూ.

తల ఎత్తలేకపోయాను. ఆయన లోపలికి తిరిగి కోడలిని కేకేశాడు.

"అమ్మీ, ముంతతో నీళ్లు తీసుకురా. ఎండన పడి వచ్చినాడు."