అక్షరం వెనక పసుపు

ఈ ఉదయం గడపకు పసుపు రాస్తుంటే, ఆ వాసనకు చేయి ఆగిపోయింది. నిరుడు ఇలా పసుపు చేతులతో ఉన్నప్పుడే పాలు పోసే పార్వతక్క వచ్చి, "మీ మేస్టారు ఎల్లిపోనారే" అని చెప్పింది. ఆ కబురు ముందుగా తెచ్చింది ఆవిడే.

అప్పన్న మేస్టారు మా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద అక్షరాలు రాసే పెయింటరు. రిటైరయ్యాక, ప్రేమ్ బజార్‌లో తన ఇంట్లో అద్దెకున్న విద్యార్థుల దగ్గర వెబ్ పేజీలు చేయడం నేర్చుకున్నారు. నేను బడి గడప తొక్కనిదాన్ని, అమ్మ దగ్గర ఇంట్లోనే చదివాను. అలాంటి నన్ను పిలిచి కూర్చోబెట్టి ఆ పని నేర్పారు.

మా గుడి పేజీ నా మొదటి పని. స్వామి పేరు మెరవాలని, పేజీకి రంగులు చెప్పే స్టైల్ షీటులో అక్షరాలకు పసుపు రంగు పెట్టాను. తెల్లటి పేజీలో పేరే మాయమైంది.

"ఏటమ్మా, సామిని దాసేసినావేటి?"

"పసుపు శుభం కదా, మేస్టారూ!"

"శుభమే. సదవాలి గదా! టేసను బోర్డు సూడనేదేటి? పసుపు ఎనకాల, నలుపు ముందర."

అక్షరాన్ని నల్లగానే ఉంచి, దాని వెనక నేపథ్యానికి పసుపు ఇప్పించారు. పేరు లేచి నిలబడింది. "ఒక పేజీలో ఒక్క సోటే పుయ్యాల. అంతా పూసినావంటే అది గోడైపోద్ది" అన్నారు.

తరువాత గుడి కమిటీ కార్యదర్శిగారు ఆ పసుపును తన పేరు వెనక్కి మార్పించుకున్నారు. మేస్టారి పేరు పేజీలో ఎక్కడా లేదు. గుడి బోర్డు రాసింది ఆయనే, కానీ ఏ బోర్డు మీదా ఆయన తన పేరు రాసుకోలేదు. పదకొండో రోజు కర్మ కాగానే నేను "బోర్డు రాసినవారు: అప్పన్న" అని ఒక వరుస చేర్చి, పసుపును దాని వెనక్కి తెచ్చాను.

మర్నాడే గుడి గేటు దగ్గర కార్యదర్శిగారు నన్ను ఆపారు. "నా పేరు మీద రంగేటి పోనాది?"

"ఒక్క చోటే పూయాలండి."

"రంగులేసీవోడికా? తీసీ. నేదంటే రేపట్నించి నీకీ పని నేదు. ఠీక్ హై?"

"ఠీక్ కాదండి. పైన ఈ బోర్డు మీద స్వామి పేరు ఆయన చేతి రాతే. ముందు దాన్ని చెరిపించండి. తరువాత నేను ఇది చెరుపుతాను."

ఆయన తలెత్తి బోర్డు చూశారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయారు. అన్నట్టే పని వేరేవాళ్ళకు ఇచ్చారు. పసుపును మాత్రం ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. స్వామి దయ. ఇప్పుడు వేరే పేజీలు చేస్తున్నాను. ఏ పేజీలోనైనా ఒక్క చోటే పూస్తాను. ఎవరి పేరు వెనక పూయాలో ఒకరు చెబితే మాత్రం వినను.

మీరెప్పుడైనా ఖరగ్‌పూర్‌లో దిగితే, ప్లాట్‌ఫారం మీద బోర్డు చదివాక ఒక్క క్షణం ఆగండి. నల్ల అక్షరాల వెనకున్న ఆ పసుపును చూసి, మా అప్పన్న మేస్టారిని తలచుకోండి.