వలల కొట్టం అని చెప్పిన గది

పన్ను నోటీసు వచ్చినప్పుడు నేను వసారాలో కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. సచివాలయం అమ్మాయి కాగితం నా చేతిలో పెట్టింది, దాన్ని పట్టుకున్న నన్ను ఫోనులో ఫొటో తీసుకుంది, పక్కింటికి వెళ్ళిపోయింది. అంకె చూశాను. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. పోయినేడు కట్టినదానికి రెండింతలు దాటింది.

మాది సముద్రం ఒడ్డున ఊరు. పంచాయతీగా ఉన్నన్నాళ్ళూ మాకు పన్నంటే భయమే లేదు. ఏడాదికొకసారి బిల్లు కలెక్టరు వచ్చేవాడు, మజ్జిగ తాగేవాడు, రశీదు చింపి ఇచ్చి పోయేవాడు. ఆ తర్వాత మా ఊరిని మున్సిపాలిటీలో కలిపారు. కలిపిన రోజు మైకులు పెట్టి టపాకాయలు కాలిస్తే, మా ఖర్మ, మేమూ వెళ్ళి నిలబడి చూసొచ్చాం. కలిపాక మా వీధికి ఒరిగిందేమిటయ్యా అంటే వీధి మొదట్లో ఒక బోర్డు. దీపాలు రెండు వెలుగుతాయి, మూడు వెలగవు. కాలవ సగం తవ్వి వదిలేశారు, ఆ మురుగు ఇసుకలోకి ఇంకి కంపు కొడుతుంది. పన్ను మాత్రం పట్నం పన్ను. ఇదేం అన్యాయమని అడిగితే "భూమి విలువ పెరిగిందమ్మా" అంటారు. పెరిగితే నాకేం? నేనేమన్నా అమ్ముకుంటున్నానా? ఉంటున్నాను, అంతే.

ఇలా వసారాలో కూర్చుని ఎంతైనా అరవగలను. కాగితం పట్టుకుని వచ్చినవాళ్ళ ముందు మాత్రం నాకు నోరు పెగలదు. వీధి చివరింటాయన రెండేళ్ళు కట్టలేదని కుళాయి పీకేశారు, ఇల్లు జప్తు చేస్తామని తలుపుకు ఎర్ర నోటీసు అంటించారు. ఆ ఇంటావిడ దాని మీద చీర ఆరేసి దాచుకోవడం నేను కళ్ళారా చూశాను. జప్తు అనే మాట అంతకుముందు వార్తల్లో విన్నదే. ఆ రోజు నుంచి మా వీధిలో ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటూ కూడా ఆ మాటే మాట్లాడుకునేవాళ్ళు.

నోటీసు వచ్చిన నెలలోపే ఇంకో కబురు తెలిసింది. ఇళ్ళన్నీ మళ్ళీ కొలుస్తారట. కొత్తగా వేసుకున్న గదులుంటే వాటికీ కలిపి పన్ను వేస్తారట. పాకకు ఒక రేటు, రేకులకు ఒక రేటు, స్లాబుకు ఒక రేటు. నా భయం మొదలైంది ఆ మాటతోనే. ఎందుకంటే మా ఇంటి వెనకాల అక్క గది ఉంది.

అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళ కిందట మా బావ వేటకు పోయిన పడవ తిరగబడింది. శవం కూడా దొరకలేదు. ప్రభుత్వం ఇచ్చిన సాయంలో అత్తవారివైపు వాళ్ళు సగం ఉంచుకున్నారు. మిగిలింది కొంగున కట్టుకుని మా ఇంటికొచ్చి, "మే, వెనకాల నాకొక గది వేసుకోనీ, ఎవురికీ అడ్డం లేకుండా పడుంటా" అంది. ఆ డబ్బుతోనే స్లాబు గది కట్టించింది. గోడలకు నీళ్ళు తనే పట్టింది. సముద్రం వైపు కిటికీ పెట్టించుకుంది. ఎండుచేపలు కావలి బజారుకు తీసుకుపోయి అమ్ముకుని తన తిండి తాను తింటుంది, నాకే ఎదురు పెడుతుంది. ఆ గది ముమ్మాటికీ ఆమెదే. స్థలం మా ఆయన పేరున ఉంది కాబట్టి కాగితాల్లో మాత్రం ఆమెది కాదు, అసలు ఆ గదే కాగితాల్లో లేదు.

టేపు పట్టుకున్న మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ముందు రెండు గదులూ కొలిచాడు, మంచినీళ్ళడిగి తాగాడు. ప్రహరీ వైపు చెయ్యి చూపించి "వెనకాల ఏముందమ్మా?" అన్నాడు.

"వలల కొట్టం సార్" అన్నాను.

నేను అనుకుని చెప్పలేదు. నోటీసు మీది అంకె కళ్ళముందు ఆడింది, దానికి ఇంకో స్లాబు గది కలిస్తే ఎంతవుతుందో అనుకునేలోపే మాట జారిపోయింది. అతను ఎండలోకి ఇంకో పది అడుగులు వేసే ఓపిక లేక "కొట్టం" అని రాసుకుని పోయాడు. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగితే అక్క. చేట చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది.

"మంచిపని చేసినావులే" అంది. "నా మూలాన మీకెందుకు దండగ."

ఒక్క మాట తిట్టి ఉంటే నాకు బాగుండేది.

అక్కడితో అయిపోయిందనుకున్నానా, ఇంకో పిడుగు పడింది. డ్రోన్లు వస్తాయట, పైనుంచి ఫొటోలు తీస్తాయట, ఎవరి కప్పు ఏమిటో ఆఫీసులో కూర్చుని చూస్తారట. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. నేను కొట్టం అని చెప్పాను, పైన చూస్తే తెల్లగా స్లాబు. తెల్లారగానే మా ఆయన్ని నిచ్చెన ఎక్కించాను. తాటాకులు పరిపించి, వాటి మీద చినిగిన పాత వలలు కప్పించి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టించాను. అక్కే కింద నిలబడి తాటాకులు అందించింది.

"డ్రోనును పట్టేదానికా ఈ వల? అట్టయితే కన్ను పెద్దది, జారిపోతాది" అన్నాడు మా ఆయన పైనుంచి. వేటకు పోయే మనిషి కదా, ఆయనకు ఏ వల చూసినా అదే ధ్యాస.

"నీ ఎగతాళి తగలెయ్య, ముందు ఆ మూల సర్దు" అని కసిరాను. కానీ నవ్వొచ్చింది. ముగ్గురం నవ్వాం. పక్క వీధిలో ఇంకొకళ్ళు కూడా మేడ మీద తాటాకు పరిచారని తెలిసి మరీ నవ్వుకున్నాం. ఆ డ్రోను వచ్చిందో లేదో మాకు ఇప్పటికీ తెలియదు.

ఒక అబద్ధం ఆడితే దాన్ని రోజూ మేపాలి. కరెంటు వైరు వెనక్కి పోతుంది కదా, వలలకు ఫ్యానెందుకని ఎవరైనా అడిగితే? "వాటికీ చెమట పడతాదని చెప్పు" అంది అక్క. అన్న రెండు రోజులకే తనే స్టూలెక్కి ఫ్యాను ఊడదీసింది. వేసవి మొదలవుతున్న రోజులవి. వద్దని గట్టిగా అన్నానా? అనలేదు. "పోనీలే, కొన్నాళ్ళే కదా" అన్నాను. తర్వాత గోడకున్న బావ ఫొటో దింపింది. కొట్టంలో దండ వేసిన ఫొటో ఎందుకుంటుంది మరి! ఆ ఫొటో, నాలుగు చీరలు, ఆధార్ కార్డు ఒక సంచిలో పెట్టి తలుపు వెనక మేకుకు తగిలించింది. ఎవరన్నా కొత్త మనిషి వీధిలోకి వస్తే చాలు, సంచి తీసుకుని, గది గొళ్ళెం పెట్టి మా వంటింట్లోకి వచ్చి కూర్చునేది. కొరియరు అతను వచ్చినా అంతే. నాకు సిగ్గుగా ఉండేది, కానీ సిగ్గుకన్నా భయం పెద్దది. కుట్టుకూలి మీద, వేట వాటా మీద బతికే ఇల్లు మాది. ఆ పన్ను కట్టలేకపోతే మా తలుపుకూ ఎర్ర నోటీసు పడుతుందని రోజూ అనుకునేదాన్ని.

ఆ భయంలోనే ఒక మేడం వచ్చింది. టేపు మనిషి రాసినవన్నీ సరిచూడటానికట. మంచి మనిషి, చెప్పులు వసారా బయట విడిచి లోపలికి వచ్చింది. వెనక్కి కూడా వెళ్ళింది. నేను వెనకాలే పరుగెత్తాను. అక్కకు తప్పుకునే టైము లేదు, గది ముందే చేపలు తిరగేస్తూ ఉంది. మేడం కప్పు మీది తాటాకులు చూసింది, మూసిన తలుపు చూసింది, కిందికి చూసింది.

"కొట్టం ముందర ముగ్గేశారే" అంది నవ్వుతూ.

మేడం నా వైపు తిరిగి నెమ్మదిగానే చెప్పింది. "ఎవరైనా విడిగా ఉంటుంటే ఇప్పుడే చెప్పండమ్మా. వేరే డోర్ నంబరు వేస్తాం, వాళ్ళ పేరుతోనే రాస్తాం. పన్ను పడుతుంది, పాతది కూడా కలిపి కట్టాలి. దాచిపెట్టి తర్వాత బయటపడితే మాత్రం ఫైను వేస్తారు."

వాళ్ళ పేరుతో అన్న మాట నేను విన్నాను. పాతది కలిపి అన్న మాట దాన్ని మింగేసింది. చెబుదామని నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

"ఎవురూ ఉండరు మేడం. వలలు పెట్టుకుంటాం" అంది అక్క.

"మరి మీరు?"

"నేనా? చుట్టపుచూపుగా వచ్చినాను. నా చెల్లెలి ఇల్లు ఇది. రేపో ఎల్లుండో పోతా."

మేడం నా మొహం చూసింది. నేను తల ఊపాను. తొమ్మిదేళ్ళు నాతో కలిసి ఉన్న నా తోడబుట్టింది తన గడప ముందు నిలబడి చుట్టాన్ని అంటుంటే అవునని తల ఊపాను. ఇది రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

ఆ రోజు నుంచి అక్క నిజంగానే చుట్టంలాగా మసలడం మొదలుపెట్టింది. బిందెలో నీళ్ళు ముంచుకోవాలంటే "మే, ఒక చెంబు తీసుకునేదా?" అని అడిగేది. కూర తనే వండి, వడ్డించమని కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయి "ఏందక్కా ఈ కొత్త నాటకం?" అని అరిచాను. "ఏం నాటకం? అడిగితే తప్పా?" అంది అమాయకంగా. దెప్పడానికి అంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆమె దెప్పలేదు. ఆమెకు నిజంగా భయం పట్టుకుంది, తన మూలాన మా ఇల్లు పోతుందని. నాకేమో ఇంకో భయం. పొద్దున లేచి మొహం కూడా కడగకుండా వెనక్కి వెళ్ళి, తలుపు సందులోంచి ఆ సంచి మేకుకు ఉందో లేదో చూసుకునేదాన్ని.

ఒక పొద్దున లేదు.

మేకు ఖాళీగా ఉంది. చాప చుట్టి మూలన నిలబెట్టి ఉంది. అరుగు మీద చేపలు పరిచి లేవు. "అక్కా" అని ఒక కేక పెట్టి, చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాను. ముందు సముద్రం వైపే పోయాను. ఆ వైపు పోలేదని చేపలు ఏరుకునేవాళ్ళు చెప్పారు. ఎదురొచ్చిన ఒకామె "మీ అక్కా? ఆటోస్టాండు కాడ కూర్చోనుండాదే" అంది. పరుగెత్తాను.

అక్క సిమెంటు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన ఆటోవాళ్ళు టీ తాగుతున్నారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"యాడికి పోతన్నావు? చెప్పాపెట్టకుండా యాడికే?"

"యాడికీ లేదు మే" అంది, నన్ను చూసి కంగారు పడి. "నిన్న మైకులో చెప్పినారు కదా, ఈపొద్దు ఆఖరు సర్వే అని. ఆ మేడమే వస్తే? పోతానని చెప్పి ఇంకా ఈడనే ఉండాదేంది అనుకోదూ? వాళ్ళు వచ్చిపోయిందాకా ఇక్కడ కూర్చుంటే సరిపోతాది అనుకున్నా. అన్నం తినే టైముకు వస్తాలే."

నేను ఆ బల్ల మీద కూలబడ్డాను. అక్క నా పాదాలకు అంటిన ఇసుక చూసి "చెప్పులేవి?" అంటోంది. సంచి ఆమె ఒళ్ళోంచి లాక్కుని లేచాను.

"పా ఇంటికి."

"వాళ్ళొస్తే?"

"రానీ" అన్నాను. ధైర్యం వచ్చి అన్నది కాదు. దారి పొడుగునా ఎంత పడుతుంది, ఎక్కడి నుంచి తెస్తాం, ఫైను కూడా వేస్తారేమో, అబద్ధం చెప్పినందుకు కేసు పెడతారేమో అని లోపల లెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. అక్క వెనకాల నడుస్తూ "వద్దు మే, నా మాట విను" అని గొణుగుతూనే ఉంది.

పదకొండింటికి మేడం వచ్చింది. నేను కుర్చీ కూడా వెయ్యలేదు, మర్యాదలు చేస్తూ ఉంటే మళ్ళీ నోరు పడిపోతుందని భయం. "మేడం, వెనకాలది కొట్టం కాదు. స్లాబు గది. మా అక్క ఉంటాది దాంట్లో, తొమ్మిదేళ్ళయింది. ఆమె డబ్బుతో కట్టుకున్నదే. నేను అబద్ధం చెప్పినాను. రాసుకోండి" అని ఒక్క గుక్కలో అనేశాను.

మేడం తిట్టలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. చేతిలోని ట్యాబు మీద ఏవో నొక్కింది.

"ఎంత పడతాది మేడం?" అన్నాను.

"అది ఆఫీసులో లెక్కేస్తారమ్మా. నోటీసు వస్తుంది."

మళ్ళీ నోటీసు. గుంజను పట్టుకుని నిలబడ్డాను. మేడం నన్ను దాటి అక్క వైపు తిరిగింది.

"గది మీ పేరుతోనే రాస్తున్నానమ్మా. మీ పేరు చెప్పండి."

అక్క పేరు చెప్పలేదు. చెప్పేదా అన్నట్టు నా మొహంలోకి చూసింది.