బోణీ కాకముందు అడిగిన ఫోను

ఎనభై మూడు అక్టోబరులో అమెరికా సైన్యం గ్రెనడాలో దిగిన రోజు ఉదయం, వర్జీనియాలో నా కిరాణా షాపు తెరిచి పది నిమిషాలు కూడా కాలేదు, పక్క డ్రై క్లీనర్స్‌లో బట్టలు సరిచేసే ఆమె పరుగున వచ్చింది. ఆమెది గ్రెనడా. నేనమ్మే జాజికాయ వాళ్ళ దీవిలో పండుతుందని నాకు చెప్పింది ఆమే. అలా చెప్పినందుకైనా ధర తగ్గించమంటే తగ్గించలేదు నేను.

"మీ ఫోన్ ఒక్కసారి ఇస్తారా? మా ఓనరు లాంగ్ డిస్టెన్స్ కట్ చేయించాడు. మా తమ్ముడు అక్కడ మిలీషియాలో ఉన్నాడు. తుపాకీ పట్టుకుని రమ్మని వాళ్ళని పిలుస్తారు. ఇల్లు కదలొద్దని చెప్పాలి. ఛార్జీ నేనిచ్చుకుంటాను," అంది.

నేను ఇవ్వలేదు. ఇంకా బోణీ కాలేదు మరి.

తెనాలిలో మా నాన్న కొట్లో మొదటి బేరం కాకముందు పొరుగువాడికి చిల్లర కూడా ఇచ్చేవారు కాదు. దేశం మారాక నేను చాలా వదిలేశాను గానీ దీన్ని వదల్లేదు. ఇదంతా ఇంగ్లీషులో చెప్పడానికి సిగ్గేసింది. అందుకని, "సప్లయర్ కాల్ రావాలి, పది నిమిషాలు ఆగండి," అన్నాను. అబద్ధానికి మాత్రం నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు.

ఆమె పప్పుల అల్మరాకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. నేను రోడ్డు వైపే చూస్తూ, ఏ కారు నెమ్మదించినా ఆశపడుతూ నిలబడ్డాను. చివరికి గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే ఒక తెలుగాయన వచ్చాడు. వారానికోసారి కందిపప్పు కొని, గంట సేపు మాట్లాడిపోయే మనిషి.

"చూశారా న్యూస్? దిగేశాం," అన్నాడు.

"దిగేశామంటే? మీరెప్పుడు దిగారండీ?"

"మనమంటే మనదేగా ఇప్పుడు గవర్నమెంటు. అక్కడ వాళ్ళ ప్రధానిని వాళ్ళే కాల్చేశారు కదా. ఎవరో ఒకళ్ళు సర్దాలా వద్దా?"

"పక్కింట్లో గొడవైతే మీరు తలుపు బద్దలు కొట్టుకుని వెళ్తారా?"

"మా పిల్లలు ఆ ఇంట్లో ఉంటే వెళ్తా. మెడిసిన్ చదివే మన అమెరికా స్టూడెంట్లు ఉన్నారక్కడ. అయినా ఎంతండీ ఆ దీవి, మీ తెనాలి తాలూకా అంత ఉండదు. సాయంత్రానికి అయిపోద్ది. పప్పు పాతదిలా ఉందే?"

పప్పు పాతది కాదని నిరూపించడానికి నేను రెండు బస్తాలు విప్పాను. బేరమాడేవాడు దొరికితే నాకు ఒళ్ళు తెలియదు. మధ్యలో 'గ్రెనడా' అన్న మాట వినబడినప్పుడల్లా ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆయన పప్పు తీసుకుని వెళ్ళేసరికి ముప్పావు గంట అయింది.

అప్పుడు ఫోన్ ఆమె ముందుకు జరిపాను. లైన్లు అందుబాటులో లేవని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఆమె మళ్ళీ నంబరు తిప్పింది. మళ్ళీ అదే గొంతు.

ఆ తర్వాత రోజూ లంచ్ టైములో ఆమె వచ్చి తిప్పేది. బోణీ అయిందా లేదా అని నేను చూసుకోవడం మానేశాను. నా ఫోనుకు ఆ వారం సప్లయర్ కాల్ ఒక్కటీ రాలేదు.

వారం దాటాక లైను కలిసింది. ఆమె మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. పెట్టేశాక నాకు చెప్పింది. వాళ్ళమ్మ బాగుంది. మొదటి ఉదయం, నేను బస్తాలు విప్పుతున్న వేళకి, తమ్ముడు ఇంకా ఇంట్లోనే టీ తాగుతున్నాడు. ఫోన్లు కూడా అప్పటికి పనిచేస్తున్నాయి. ఆ తర్వాతే వెళ్ళాడు. అమెరికన్లు పట్టుకుని ఎక్కడో ముళ్ళకంచెలో పెట్టారని ఒకరన్నారు, కొండ మీద కాల్పుల్లో పోయాడని ఇంకొకరన్నారు. అమెరికన్ సైనికులకు పొరుగింటివాళ్ళు పళ్ళరసం ఇస్తున్నారట. వాళ్ళమ్మ కూడా ఇచ్చిందట, కొడుకు సంగతి అడగడానికి.

"నేను ఆ రోజు రాగానే చేసుంటే కలిసేదా?" అని ఆమె నన్నడిగింది.

కలిసేది కాదని చెప్పి తప్పించుకోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఆ రోజు ఏ సప్లయర్ కాలూ రావాల్సింది లేదు. ఫోన్ ఖాళీగానే ఉంది," అన్నాను. బోణీ అంటే ఏమిటో, అప్పుడు చెప్పలేని ఇంగ్లీషులోనే చెప్పాను.

"అయితే నేనేదైనా కొంటే సరిపోయేదా?"

"అగ్గిపెట్టె కొన్నా సరిపోయేది."

"మరి చెప్పి ఉంటే కొనేదాన్ని కదా," అంది. రిసీవర్ తీసి, పట్టుబడ్డవాళ్ళ సంగతి ఎవరినడగాలో కనుక్కోవడానికి ఇంకో నంబరు తిప్పడం మొదలుపెట్టింది.